పుల్ల లెక్క

మార్చి 3, సోమవారం

వాడేసిన పుల్లలు తిరిగొచ్చాయి. ఇరవై ఇళ్ళకు పంపాం, ఇరవై అట్టపెట్టెలు వచ్చాయి. పొద్దున్నుంచీ వాటి మధ్యే కూర్చున్నాను. రెండు జతల గ్లవుజులు తొడుక్కున్నా వేళ్ళ సందుల్లో జిడ్డు ఉన్నట్టే ఉంది.

ఎవరికైనా చెబితే "మీ ఉద్యోగమే అది కదా" అంటారు. కాగితం ఆ మాట అనదు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

ఒక పుల్ల నిండా వెంట్రుకలు. ఇంకోదానికి ఇసుక, ఆ ఇసుకలో ఒక చచ్చిన చీమ. ఇంకోదానికి ఎండిన చీమిడి. అన్నిటికన్నా రోత పుట్టించింది పన్నెండో పెట్టె. పుల్ల కొస మీద పంటిగాట్లు. చిన్న పళ్ళు, పైన రెండు, కింద రెండు. ఎవరి బిడ్డో కొరికి తిన్నది. తినదా మరి? కొబ్బరి మిఠాయి వాసన వేయాలని మార్కెటింగ్ అమ్మాయి పట్టుబట్టింది. నోరూరే వాసన వేసి, వెనకాల చీమతలకాయంత అక్షరాలతో తినరాదు అని రాశాం.

డబ్బా మీద దాని పేరు పిల్లల సన్‌స్క్రీన్ స్టిక్. మా ల్యాబులో పుల్ల. గొట్టం అడుగున తిప్పితే పైకి లేచే ప్రతిదీ మాకు పుల్లే. పెదాలకు రాసేది పుల్ల, చంకల్లో రాసేది పుల్ల, ఇప్పుడు ఎండకు రాసేదీ పుల్లే. పేరు పెట్టడానికి కూడా ఒళ్ళొంగని మనుషులం.

తూకమక్క ఒక్కో పుల్లనూ త్రాసులో పెట్టి బరువు రాస్తూ కూర్చుంది. ఎవరూ రాయమనలేదు. ఇళ్ళకు పంపింది మూత బిగుతుగా ఉందా, ఎండలో కరుగుతుందా, వాసన నచ్చిందా అని అడగడానికి.

"బరువు ఎందుకక్కా?"

"ఎందుకంటే ఏం చెప్పను మేడమ్. చేతిలోకొచ్చింది త్రాసెక్కకుండా పోతే ఆ పూట అన్నం సయించదు నాకు."

ఇరవై ఆరేళ్ళుగా తూకాలు వేస్తున్న మనిషి, వచ్చే ఏడు రిటైరవుతుంది. చివరి పుల్ల దించి, "పదిహేడు ఖాళీ" అంది. పది రోజుల వాడకానికి ఒక్కొక్కటి ఇచ్చాం. పదిహేను గ్రాముల పుల్ల. ఒక పెట్టెలో చీటీ కూడా ఉంది: "ఐదో రోజుకే అయిపోయింది. ఇంకొకటి పంపగలరా?"

"తల్లులకు చేతికందిందల్లా పూయడమే పని" అన్నాను. "గోడకు సున్నం కొట్టినట్టు కొట్టుంటారు."

తూకమక్క నా వైపు చూసి, మళ్ళీ త్రాసు తుడుచుకుంది.

ఇరవయ్యో తేదీన సరుకు దుకాణాలకు పోతుంది. భద్రతా ఫైల్లో నా సంతకం పోయిన నెలలోనే పడింది.

మార్చి 4, మంగళవారం

మూడు రకాల సబ్బులతో కడిగాను. ఇంకా కొబ్బరి వాసనే.

మార్చి 6, గురువారం

డబ్బా మీద రాతల గురించి మీటింగు. మా విభాగం పెద్ద, వెన్నపూస, బల్ల చివర కూర్చుని అందరికీ నవ్వులు పంచాడు. ఈ పేరు ల్యాబు మొత్తం పెట్టుకున్నది. ఆయన నోట్లోంచి వచ్చే ఏ మాటా ఎవరి గొంతులోనూ అడ్డం పడదు.

డబ్బా ముందువైపు "రసాయనాలు లేనిది" అని వేద్దామంది మార్కెటింగ్ అమ్మాయి.

"దీన్లో ఎండను ఆపేవే నాలుగు రసాయనాలు" అన్నాను.

"అంటే, చెడ్డ రసాయనాలు లేనివి అని మేడమ్."

"నీళ్ళు కూడా రసాయనమే తల్లీ. రాయకు."

నవ్వారు. పుల్లవిరుపుగా మాట్లాడతానని నాకు పేరుంది కదా, దాంతో సరిపెట్టుకున్నారు. వాళ్ళ కోసం మళ్ళీ మొదటి నుంచీ చెప్పాను. ఎండను తిప్పికొట్టే తెల్ల పొడులు ఒక జాతి. ఎండను తాగేసే రసాయనాలు ఇంకో జాతి. మాది రెండో జాతి. పూస్తే తెల్లగా కనపడదు, అందుకే జనం ఇష్టపడతారు. నాలుగింటిలో హోమోసాలేట్ చర్మంలోంచి కొంత లోపలికి దిగుతుంది. ఎక్కువైతే ఒంట్లో గ్రంథుల పని చెడుతుందేమోనన్న అనుమానం ఉంది, కాబట్టి ఎంత దిగుతుందో లెక్క కట్టాలి. ఆక్టోక్రిలీన్ ఏళ్ళ తరబడి నిలవుంటే అందులో ఇంకో పదార్థం పుడుతుంది, కాబట్టి గడువు తక్కువ పెట్టాలి. మిగిలింది మైనం, నూనె, ఆ దిక్కుమాలిన కొబ్బరి సెంటు. ఏదీ విషం కాదు. దేన్నైనా ఎంత అన్నదే ప్రశ్న.

"ఎంత అన్నది మేడమ్ చూసుకున్నారు. ఇంక మనకు దిగుల్లేదు" అన్నాడు వెన్నపూస.

అవును, చూసుకున్నాను. పందొమ్మిదేళ్ళుగా నేను చూసుకుంటున్నది అదే. ఆ పదిహేడు ఖాళీ పుల్లల మాట మీటింగులో ఎత్తలేదు. అది మూతల గురించి చేసిన ట్రయలు, వాడకం గురించి కాదు.

మార్చి 7, శుక్రవారం

ఇవాళ సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. తమ్ముడి కూతురు బుడ్డికి ఈత నేర్పిస్తున్నారు. రోజూ పదింటికి తరగతి. నేను పోయిన నెలాఖరున ఐదు పుల్లలు తెచ్చిచ్చాను. ఆఫీసు మనిషికి ఉచితం, అత్త ముద్దు అత్తది.

మరదలు బుడ్డిని స్టూలు మీద నిలబెట్టి పూస్తోంది. నుదురు, బుగ్గలు, ముక్కు, చెవి వెనక. మెడ. భుజాలు. చేతులు ముందూ వెనకా. వీపు. తొడలు, పిక్కలు, పాదాల పైన. పూసి, "కనపడట్లేదే, పడిందో లేదో" అని మళ్ళీ మొదటి నుంచి పూసింది. బుడ్డి కితకితలకు మెలికలు తిరిగిపోతోంది. పుల్ల నా కళ్ళ ముందే కిందికి దిగింది.

"అంత అక్కర్లేదేమో" అన్నాను.

"మీరు సంతకం పెట్టింది కదా వదినా, బయటి సరుకైతే నేనే భయపడేదాన్ని" అంది. ఇది రెండో పుల్ల. మొదటిది ఐదు రోజులొచ్చిందట.

మరదలు గోడకు సున్నం కొట్టే రకం కాదు. ఇంట్లో అందరికంటే పొదుపుగా వాడే మనిషి.

మార్చి 8, శనివారం

లెక్కల షీటు ఒకసారి తీసి చూడాలి. సోమవారం చూస్తాను.

మార్చి 10, సోమవారం

షీటు తీశాను. మూసేశాను.

క్యాంటీన్ టీలో ఈగ వచ్చింది. గ్లాసు మార్చి ఇచ్చారు గానీ అదే గిన్నెలోంచి పోశారు, నా కళ్ళ ముందే. అడిగితే "ఈగ గ్లాసులో పడింది మేడమ్, గిన్నెలో కాదు" అన్నాడు క్యాంటీన్ ఆయన. వాడికెలా తెలుసు ముందు ఎక్కడ పడిందో? ఈ భవనంలో ఎవడికీ శుభ్రం లేదు. ఎవడూ ఒక పని పూర్తిగా చూసి చేయడు. ఒకడు కలిపింది ఇంకొకడు కలుపుతాడు, ఒకడు రాసింది ఇంకొకడు రాస్తాడు. సాయంత్రం దాకా ఏమీ తినలేదు.

మార్చి 11, మంగళవారం

సరే, రాస్తాను. ఇక్కడ కూడా నీళ్ళు నమిలితే ఈ నోటుబుక్కు కొన్నది దేనికి?

మేం చేసే లెక్క చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. మనిషి రోజుకు ఎంత పూసుకుంటాడో చూస్తాం. అందులో ఒంట్లోకి ఎంత దిగుతుందో చూస్తాం. జంతువుల మీద హాని కనపడని మోతాదు ఇంకోవైపు ఉంటుంది. ఈ రెంటి మధ్య కనీసం నూరు రెట్ల ఎడం ఉండాలి. నా షీట్లో హోమోసాలేట్‌కు వచ్చిన ఎడం వెయ్యీ తొమ్మిది వందలు. ఎంత బాగా వచ్చిందో అని ఆ రోజు నేనే మురిసిపోయాను. అంత బాగా రాకూడదని అనుమానం రావాల్సింది నాకే.

మూడో వరస: రోజుకు వాడే మోతాదు, 0.057 గ్రాములు.

అది పెదాల లెక్క. పెదాలకు రోజంతా రాసుకునే పుల్ల లెక్క. ఆ లెక్కన పదిహేను గ్రాముల పుల్ల తొమ్మిది నెలలు రావాలి. మరదలి చేతిలో ఐదు రోజులొచ్చింది.

ఎలా జరిగిందంటే, "కొత్త పుల్ల షీటు వేయండి" అని కాగితం వచ్చింది. పుల్ల అనగానే నా చేయి అలవాటుగా పాత పుల్ల ఫైలు మీదికి పోయింది. పన్నెండేళ్ళుగా ల్యాబులో పుల్ల షీటు అంటే పెదాల పుల్ల షీటే. కాపీ చేశాను. పేరు మార్చాను, పదార్థాలు మార్చాను, శాతాలు మార్చాను, తేదీ మార్చాను. మూడో వరస మార్చలేదు. నాలుగో వరసా మార్చలేదు: వాడే మనిషి బరువు, అరవై కిలోలు. బుడ్డి ఇరవై కిలోలు.

రోజుకు మూడు గ్రాములు వేసి మళ్ళీ కట్టాను. వెయ్యీ తొమ్మిది వందలు కాస్తా ముప్పై ఆరు అయింది. ఇరవై కిలోలు వేసి కట్టాను. పన్నెండు.

నాలుగుసార్లు కట్టాను. పన్నెండే.

మార్చి 12, బుధవారం

నా ఒక్కదాని తప్పు కాదు. కాగితం మీద పుల్ల అని రాసింది నేనా? షీటు నా తర్వాత ఇద్దరి చేతుల మీదుగా పోయింది. వెన్నపూస ప్రతి పేజీ కింద పొట్టి సంతకం గీశాడు. మార్కెటింగ్ వాళ్ళు పిల్లల బొమ్మ వేసి పంపారు, ఆ బొమ్మలో పిల్ల ఒళ్ళంతా పూసుకుంటోంది. ఒక్కడికైనా మూడో వరస కనపడిందా? తిలా పాపం తలా పిడికెడు.

ఇలా రాసి చదువుకున్నాను. తలా పిడికెడు పంచాక గిన్నెలో ఇంకా చాలా మిగిలింది.

మార్చి 13, గురువారం

వెన్నపూస గదికి వెళ్ళాను. తప్పు చేశానని చెప్పడానికే వెళ్ళాను. తలుపు తీసేసరికి నోట్లోంచి వచ్చిన మాట మాత్రం "ఎండపుల్ల షీట్లో ఒక వరస సవరించాలండి" అని.

ఆయన కంప్యూటర్లో తెరిచి చూశాడు. తెలివైనవాడు, అర నిమిషం పట్టలేదు. ముఖంలో నవ్వు అలాగే ఉంది, కళ్ళు మాత్రం తెర మీదే ఆగిపోయాయి.

"సవరిస్తే ఎంతొస్తుంది?"

"పన్నెండు."

"సరుకెంత తయారైందో తెలుసా మేడమ్?"

"తెలీదు."

"తెలుసుకోవద్దులెండి, మీకు బీపీ." కుర్చీ నా వైపు తిప్పాడు. "షీటు తప్పని ఎందుకనుకుంటారు? షీటు పెదాలకన్నది. సరే, పెదాలకే అందాం. 'పెదాలు, ముక్కు కొసకు మాత్రమే' అని వెనకాల ఒక్క లైను వేద్దాం. స్టిక్కరు చాలు. అప్పుడు మీ మూడో వరస నూటికి నూరుపాళ్ళూ నిజమే కదా."

"డబ్బా ముందు పిల్ల ఒళ్ళంతా పూసుకుంటోందండి."

"బొమ్మ బొమ్మే. లైను లైనే. చదువుకోని వాళ్ళకు మనమేం చేస్తాం?"

ఆ గదిలో ఏసీ నీళ్ళు ఒక ప్లాస్టిక్ డబ్బాలోకి కారుతుంటాయి. ఆ డబ్బా గోడలకు ఆకుపచ్చ పాచి పట్టింది. ఆయన మాట్లాడుతున్నంతసేపూ దాన్నే చూశాను. 

"ఆలోచించండి. మీ పేరు పాడవకూడదనే నా తాపత్రయం" అన్నాడు. నిజంగానే నా మంచి కోరుతున్నట్టే అన్నాడు, అదే ఇంకా అసహ్యం.

మార్చి 14, శుక్రవారం

ఆ లైను నేనే రాశాను.

మూడు రకాలుగా రాశాను. "పెదాలు, ముక్కు కొసకు మాత్రమే." "ముఖంపై చిన్న భాగాలకు ఉద్దేశించినది." "తక్కువ మోతాదులో వాడవలెను." మూడోది బాగుంది, ఎవరినీ భయపెట్టదు, ఎవరికీ ఏమీ చెప్పదు. అక్షరం సైజు ఎంత పెట్టాలో కూడా చూశాను. నిబంధనలు ఒప్పుకునే అతి చిన్న సైజులో పెడితే డబ్బా అడుగున గీత గీసినట్టుంటుంది.

రాస్తున్నంతసేపూ పని బాగా సాగింది. చాలా రోజుల తర్వాత ఆకలేసింది. రెండు చపాతీలు తిని, చేయి కడుక్కుంటుంటే తెలిసింది నేనేం చేశానో. బేసినులోనే వాంతి అయింది. పక్కన ఎవరూ లేరు.

వెన్నపూస అంటే నాకున్న అసహ్యం అంతా ఇంతా కాదు. కానీ ఆయన నోటితో అన్నదాన్ని చక్కని భాషలో పెట్టింది నేను.

మార్చి 15, శనివారం

బాత్రూం అరలో రెండు పుల్లలు మిగిలున్నాయి. పొద్దున్నే ఒకటి తీసి నా హ్యాండుబ్యాగులో వేసుకున్నాను. రెండోది తీయబోతుంటే బుడ్డి వచ్చింది.

"అత్తా, నువ్వు కూడా ఈతకొస్తావా?"

"రాను."

"మరి పుల్లెందుకు?"

"చూస్తున్నా" అని చేతిలోది దానికే ఇచ్చేశాను. అది పరుగెత్తుకుంటూ వాళ్ళమ్మకు ఇచ్చింది.

"ఇవాళ మబ్బుగా ఉంది కదా, వద్దులే" అన్నాను మరదలితో.

"మబ్బున్నా ఎండ దూరుతుందని మీరే కదా చెప్పింది వదినా." నేనే చెప్పాను, అదీ నిజమే. నుదురు, బుగ్గలు, ముక్కు, చెవి వెనక. చెప్పాల్సింది రెండు మాటలు. చెప్పలేదు. పాదాల దాకా పూయడం చూస్తూ నిలబడ్డాను.

బుడ్డికి దద్దుర్లు లేవు, దురద లేదు, చక్కగా తింటోంది. ఏమీ కాలేదు. పదిహేను రోజులు పూస్తే ఏమీ కాకపోవచ్చు కూడా. ఏళ్ళ తరబడి పూస్తే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. తెలియదు కాబట్టే నూరు రెట్ల ఎడం పెట్టుకున్నాం. తెలియదన్న సంగతి కూడా నాకే తెలుసు, ఈ ఇంట్లో ఇంకెవరికీ తెలియదు.

మార్చి 16, ఆదివారం

ఈత లేదు. బతికాను.

మార్చి 17, సోమవారం

తూకమక్క నా బల్ల దగ్గరికొచ్చింది. చేతిలో చీటీ. ఇరవై పుల్లల బరువులు, ఇచ్చినప్పుడెంత, తిరిగొచ్చినప్పుడెంత, ఎన్ని రోజులు. వంకర లేని అంకెలు. కింద తన సంతకం, తేదీ.

"ఇది ఎక్కడ పెట్టమంటారు మేడమ్? ఫైల్లోనా, చెత్తబుట్టలోనా?"

ఇంకెవరైనా అయితే వెటకారం అనుకునేదాన్ని. ఆవిడ నిజంగానే అడుగుతోంది. ట్రయలు కాగితాల్లో బరువులకు గడి లేదు మరి.

"దీని గురించి పెద్దాయన ఏమైనా అన్నాడా?"

"అన్నారు. అనవసరంగా తూచావు, పనీపాటా లేదా అన్నారు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "మీ లెక్కలు నాకు అర్థం కావు మేడమ్. నేను చదివింది ఎనిమిదే. కానీ పదిహేను గ్రాములు ఎక్కడికో పోవాలి కదా. గాల్లోకి పోలేదు కదా."

నాకు ఒళ్ళు మండింది. నన్ను దొంగను చేసి నిలబెట్టడానికి వచ్చిందనిపించింది. "నేనేమైనా దాచానన్నానా?" అని గట్టిగానే అన్నాను.

"మిమ్మల్ని నేనేమీ అన్లేదే" అంది, నిజంగా ఆశ్చర్యపోయి.

గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు. అనకుండానే తడుముకున్నాను నేను. చీటీ నా బల్ల మీద పెట్టి వెళ్ళమన్నాను. పెట్టి వెళ్ళింది. దాని మీద కాఫీ కప్పు పెట్టాను, అంకెలు కనపడకుండా. తర్వాత కప్పు తీసేశాను.

మార్చి 18, మంగళవారం

పొద్దున ఎనిమిదింటికే ఆఫీసుకు పోయాను. ఎవరూ రాకముందే రాశాను. దీనికి మూడు రకాల రాతలు అక్కర్లేకపోయింది.

"పిల్లల సన్‌స్క్రీన్ స్టిక్ భద్రతా లెక్కలో పెదాల ఉత్పత్తి మోతాదును, పెద్దల బరువును నేను పొరపాటున ఉంచాను. సరైన మోతాదుతో ఎడం పన్నెండు వస్తోంది, నూరు ఉండాలి. ఈ ఉత్పత్తి సురక్షితమని చెప్పలేను. నా సంతకం వెనక్కి తీసుకుంటున్నాను." కొత్త షీటు, తూకమక్క చీటీ జతచేశాను. ఒక ప్రతి వెన్నపూసకు, ఒక ప్రతి ఉత్పత్తులకు అనుమతులిచ్చే ప్రభుత్వ కార్యాలయానికి. రెండోది పంపకపోతే మొదటిది చెత్తబుట్టలోకి పోతుందని తెలుసు.

పదకొండింటికి పిలిచాడు. మొదటిసారి ఆయన ముఖంలో నవ్వు లేకుండా చూశాను.

"బయటివాళ్ళకు పంపే ముందు నాతో ఒక్క మాట అనాల్సింది మేడమ్."

"అన్నాను కదండీ. స్టిక్కరు వేద్దామన్నారు."

"ఇన్నేళ్ళు కలిసి పుల్లలు తయారుచేశాం. చివరికి మీరు పుల్లలు పెట్టే మనిషి అయ్యారు."

ఇంకో రోజైతే నవ్వేదాన్నేమో, మాట బాగానే కుదిరింది. సరుకు గోడౌన్లో ఆపేశారు. విచారణ అయ్యేదాకా నన్ను రావద్దన్నారు. గుర్తింపు కార్డు కౌంటర్లో ఇచ్చేస్తుంటే తూకమక్క మెట్ల దగ్గర నిలబడి ఉంది.  నా సంచి అందుకుని గేటు దాకా మోసుకొచ్చింది.

బస్సులో కూర్చున్నాక ఒళ్ళు తేలికపడుతుందనుకున్నాను. తేలికపడలేదు. ఎవరో తెలియని ఇరవై ఇళ్ళ కోసం, ఇంకా కొనని వాళ్ళ కోసం అంత ధైర్యంగా రాసినదాన్ని, మా ఇంట్లో రెండు మాటలు చెప్పలేదు.

మార్చి 19, బుధవారం

"ఆఫీసుకు పోలేదేంటక్కా, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు తమ్ముడు.

"సెలవు."

"మంచిది. నీకూ విశ్రాంతి కావాలి."

బుడ్డికి ముక్కు కారుతోందని, జలుబు పట్టుకునేట్టుందని, ఈతకు పంపొద్దని మరదలితో చెప్పాను. కారట్లేదు. మరదలు ముక్కు పట్టుకుని చూసి, "మీకెలా తెలుస్తాయో వదినా ఇవన్నీ" అని మానిపించింది. బుడ్డి ఏడ్చింది. నా మీద ఇంత నమ్మకం ఎవరు పెట్టుకోమన్నారు వీళ్ళను? ఆ నమ్మకం చూస్తే నాకు చీదర పుడుతోంది. అబద్ధమే. చీదర దాని మీద కాదు.

మార్చి 20, గురువారం

చెప్పాను.

తొమ్మిదిన్నరకు బుడ్డిని స్టూలు ఎక్కించి, పుల్ల మూత తీసింది మరదలు. ఆ చేయి పట్టుకున్నాను. నా చేతికి ఆ జిడ్డు తగిలింది.

"పూయకు. దాని లెక్క నేను తప్పు కట్టాను."

"ఏ లెక్క వదినా?"

"పిల్లలకు సరిపడదు అది. పెదాలకు రాసే లెక్క వేసి ఒళ్ళంతటికీ సంతకం పెట్టాను. పదకొండో తేదీనే తెలిసింది నాకు."

"ఇవాళ ఇరవై" అంది.

"అవును."

వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. మధ్యలో ఆదివారం, నిన్న తీసేసింది. నాకు తెలిశాక కూడా పూసిన రోజులన్నమాట. గట్టిగా అరుస్తుందనుకున్నాను, అరిస్తే బాగుండేది. బుడ్డిని స్టూలు మీంచి దించింది. "ఎండకు ఏం చేయాలి మరి?" అని అడిగింది, డాక్టరును అడిగినట్టు.

"నిండు చేతుల ఈత చొక్కా వేయి. టోపీ పెట్టు. తరగతి పొద్దున ఏడింటికి మార్పించు. ఎండకు పూయడం మానేయమని కాదు, ఇది పూయొద్దని." ఒక్క ఊపిరిలో చెప్పాను. ఇన్ని తెలిసిన నోరు తొమ్మిది రోజులు ఏం చేసిందో.

తలూపింది. తర్వాత బాత్రూంలోకి వెళ్ళి అర ఖాళీ చేయడం మొదలుపెట్టింది. బుడ్డి షాంపూ. తన చేతి క్రీము. ఒంటి సబ్బు. తమ్ముడి గెడ్డం నురగ. తలకు పెట్టే రంగు. ఒక్కొక్కటే తెచ్చి నా ముందు నేల మీద వరసగా పెట్టింది. పదకొండు. అన్నీ మా కంపెనీవే, అన్నీ నేను తెచ్చినవే. ఈ ఇంట్లో ఇన్నేళ్ళుగా సబ్బు కొనలేదు.

షాంపూ చేతిలోకి తీసుకుంది.

"ఇది?"

"అది మంచిదే."

"ఎలా తెలుసు వదినా?"

"లెక్క కట్టాను కదా."

 "పుల్లకూ కట్టారు కదా" అని ఆవిడ అనొచ్చు, అనలేదు. షాంపూ కింద పెట్టి గెడ్డం నురగ తీసింది. అది ఎప్పటిదో, ఏ పాత ఫైలు మీంచి కాపీ చేశానో గుర్తు తెచ్చుకోబోయాను. చేతి క్రీము? అది ఒంటి క్రీము ఫైలు మీంచి. ఒంటి క్రీము దేని మీంచి? పందొమ్మిదేళ్ళలో నేను కొత్తగా, ఖాళీ కాగితం మీద మొదలుపెట్టిన షీట్లు ఎన్ని? ఒక చేతి వేళ్ళు చాలు.

"తెలీదు" అన్నాను. "మళ్ళీ చూడాలి."

"అన్నీనా?"

"అన్నీ."

బుడ్డిని స్నానానికి తీసుకెళ్ళింది. తలుపు అవతల నీళ్ళ చప్పుడు, దాని గొంతు.

"సబ్బేదమ్మా?"

"ఇవాళ ఉత్త నీళ్ళే."

"ఎన్ని రోజులు?"

"అత్త మళ్ళీ లెక్క కట్టి చెబుతుంది. అప్పటిదాకా."

నా గదిలోకి వచ్చి పదకొండు పేర్లూ ఈ పేజీలో ఒకదాని కింద ఒకటి రాశాను. మంచిదే అని ఏ ఒక్కదాని పక్కనా రాయలేకపోయాను.